ఫారంలో ఆ నడుము కొలత గడి: వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

ముప్పయ్యేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త నింపే, షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పు లెక్కకట్టే సీబ్యాక్ ఫారంలో నడుము కొలతకు ఒక గడి ఉంది. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపైతే సున్నా, 81 నుంచి 90 అయితే ఒకటి, ఆ పైన రెండు. మగవాళ్ళకు 90 లోపైతే సున్నా, 91 నుంచి 100 అయితే ఒకటి, ఆ పైన రెండు. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో పెద్దవాళ్ళకు బీపీ షుగర్ ఉన్నాయా అన్నవాటి మార్కులు దీనికి కలిపి, మొత్తం 4 దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షలకు పంపాలి. మీకు తెలియనిది కాదు, మీరు పంపిన ఫారమే. ఈ ఉత్తరం ఆ ఒక్క గడి గురించి. అందులో పడుతున్న అంకెల్లో చాలా భాగం కొలిచినవి కావు. ఫారం మొత్తంలో దానికంటే తక్కువ ఖర్చుతో దానికంటే ఎక్కువ చెప్పే అంకె ఇంకోటి లేదని నా నమ్మకం.

నేను పీహెచ్‌సీలో హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైనదాన్ని. ఏ ఊరో రాయను. నేను చెప్పేది ఒక్కచోట జరిగేది కాదు, పైగా అక్కడ ఇంకా పనిచేస్తున్న పిల్లల మీదికి మెమోలు రావడం నాకిష్టం లేదు. ఫారాలు తనిఖీ చేసేటప్పుడు ఒక వీధి మొత్తంలో ఆడవాళ్ళందరి నడుమూ 78, 80 ఉండేది. మగవాళ్ళది 88, 90. పక్క వీధిలోనూ అంతే. ఊళ్ళో నడుస్తూ మనుషుల్ని చూస్తే ఆ అంకెలకూ వాళ్ళకూ పొంతన ఉండేది కాదు. అడిగితే ఆ అమ్మాయి తల దించుకుని, "ఎక్కువ రాస్తే వాళ్ళని తీసుకెళ్ళి టెస్టులు చేయించాలి కదా మేడమ్, ఎవరూ రారు, మళ్ళీ నన్నే అడుగుతారు" అంది. తప్పు ఆమెదని నేను అనలేకపోయాను. వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా. గర్భిణులు, బాలింతలు, టీకాలు, టీబీ మందులు, జ్వరాల సర్వే, మీటింగులు, యాప్‌లో ఎంట్రీలు. మధ్యలో ఈ టేపు.

ఆ టేపు సంగతి కూడా చెప్పాలి. చాలామంది దగ్గర ఉండేది బట్టల షాపులో దొరికే గుడ్డ టేపు. కొన్నాళ్ళకు సాగిపోతుంది. సాగిన టేపు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, అంటే జబ్బు దిక్కున ఉన్నవాణ్ణి మంచివైపు నెడుతుంది. ఎక్కడ పెట్టాలో శిక్షణలో ఒకసారి చెప్తారు: కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు చుట్టూ ఒకే ఎత్తులో ఉండేలా, ఒంటికి ఆని ఉండాలి గానీ బిగించకూడదు. వీధరుగు మీద ఇది ఎలా సాధ్యం? చీర కుచ్చిళ్ళు, లంగా బొందు ముడి, పైన కొంగు. వాటన్నిటి మీదుగా టేపు తిప్పితే నాలుగైదు సెంటీమీటర్లు ఊరికే కలుస్తాయి. లోపలికి రమ్మంటే ముసలమ్మలు "నా నడుముతో నీకేం పనే?" అని నవ్వేస్తారు, కోడళ్ళు అత్తగారి వైపు చూస్తారు.

మగవాళ్ళ దగ్గర ఇంకో ఇబ్బంది. ఆశా ఆడమనిషి. పరాయి మగవాడి నడుము చుట్టూ చేతులు వేసి టేపు తిప్పమని ఆమెను నడివీధిలో నిలబెట్టి అడగడం మనకు బాగానే ఉంది, ఆమెకు లేదు. కాబట్టి ఆమె ప్యాంటు సైజు అడుగుతుంది. ఆయన 34 అంటాడు. అంటే 86 సెంటీమీటర్లు, ఫారంలో సున్నా మార్కులు. ఆ ప్యాంటు కట్టేది బొడ్డుకు నాలుగు వేళ్ళ కింద, బెల్టు మీదుగా పొట్ట ముందుకు వాలి ఉంటుంది. సరైన చోట టేపు పెట్టి చూస్తే అదే మనిషికి 98 వచ్చిన సందర్భాలు నేను చూశాను. పొట్ట ఎంత పెరిగినా పదేళ్ళుగా ఒకే సైజు ప్యాంటు వేసుకోగలగడం మన మగవాళ్ళకున్న ప్రత్యేక విద్య.

సరే, ఒక అంకె అటూ ఇటూ అయితే ఏమవుతుందని మీలో ఎవరైనా అనుకోవచ్చు. బీపీ చూస్తున్నాం, వేలు గుచ్చి షుగర్ చూస్తున్నాం, చాలదా? చాలదు. షుగరూ బీపీ కనబడేసరికి లోపల చాలా ఏళ్ళ పని జరిగిపోయి ఉంటుంది. ఆ పని నడిచేది పొట్టలో.

కొవ్వు అంతా ఒకటి కాదు. తొడల్లో, పిరుదుల్లో, చర్మం కింద చేరేది ఒక రకం. పేగుల చుట్టూ, కాలేయం పక్కన, పొట్ట గోడకు లోపల చేరేది ఇంకో రకం. ఈ తేడా ముఖ్యమని ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో జాఁ వాగ్ అనే వైద్యుడు 1947లోనే రాశాడు. నడుము పైభాగంలో కొవ్వు చేరేవాళ్ళకే షుగరు, గుండె జబ్బులు ఎక్కువ వస్తున్నాయని ఆయన గమనించాడు. ఎందుకన్నది తేలడానికి చాలా కాలం పట్టింది. 1993లో అమెరికాలో గోఖాన్ హోతమిష్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే పదార్థం పుడుతోందని కనిపెట్టింది. అది ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు రోగనిరోధక కణాలు వదిలే రసాయనం. కొవ్వులో దానికేం పని? దాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ మళ్ళీ బాగా పనిచేసింది. మరో పదేళ్ళకు, 2003లో, రెండు బృందాలు విడివిడిగా అసలు సంగతి చూపించాయి. కొవ్వు కణాలు ఉబ్బేకొద్దీ మాక్రోఫేజ్‌లు అనే తెల్లరక్త కణాలు అక్కడికి వచ్చి గుమిగూడతాయి. సన్నటి ఎలుకల కొవ్వులో పదో వంతు కూడా లేని ఈ కణాలు, బాగా లావెక్కినవాటి కొవ్వులో సగం దాకా ఉన్నాయి. ఒక స్థాయి దాటి ఉబ్బిన కొవ్వు కణానికి ప్రాణవాయువు సరిగ్గా అందదు, కొన్ని చచ్చిపోతాయి. శరీరం దాన్ని గాయంగానే చూస్తుంది, మరమ్మతుకు సైన్యాన్ని పంపుతుంది. గాయం మానదు కాబట్టి సైన్యం వెనక్కి పోదు.

వైద్యులు క్రానిక్ ఇన్‌ఫ్లమేషన్ అనేది ఇదే. కాలికి ముల్లు గుచ్చుకుంటే వచ్చే వాపు పొయ్యి మీది మంట, ఎర్రగా కనబడుతుంది, వేడి తెలుస్తుంది, ఆరిపోతుంది. ఇది పిడకల దాలి. పొద్దున రాజేస్తే సాయంత్రం దాకా మంట కనబడదు, దాని మీద పాలు మాత్రం ఎర్రగా కాగుతూనే ఉంటాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. అందుకే ఎవరూ ఆసుపత్రికి రారు.

లోపలి కొవ్వే ఎందుకు ఎక్కువ హాని? ఒక కారణం, అది ఉన్న చోటు. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా తిన్నగా కాలేయానికి పోతుంది. కొవ్వు ఆమ్లాలూ ఐఎల్-6 లాంటి రసాయనాలూ మొదట పడేది కాలేయం మీదే. కాలేయం దానికి జవాబుగా సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది (ఇన్‌ఫ్లమేషన్ ఉందని రక్తపరీక్షలో పట్టిచ్చేది ఇదే), గ్లూకోజు ఎక్కువ వదులుతుంది, తన లోపలా కొవ్వు నింపుకుంటుంది. స్కానింగ్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని రాసి, "ఏం కాదులే, అందరికీ ఉంటుంది" అని చెప్పి పంపేది ఇదే. అందరికీ ఉంటుందన్న మాటా అబద్ధం కాకుండా పోతోంది. హైదరాబాద్‌లోని ఐటీ ఉద్యోగుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు కనబడింది.

ఇక్కడ మీ టెక్నికల్ అధికారులు ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు. పొట్ట వల్ల ఇన్‌ఫ్లమేషనా, ఇన్‌ఫ్లమేషన్ వల్ల పొట్టా? రెండు వైపులా దారి ఉంది గానీ, రెండూ సమానమైన దారులు కావు. పొట్ట పెరిగితే ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందనడానికి ఆధారం గట్టిది. అటు నుంచి ఇటు వచ్చే దారి కాస్త తిరుగుడు: ఇన్‌ఫ్లమేషన్ వల్ల ఇన్సులిన్ మాట కండరాలు వినవు, శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, ఉన్న కొవ్వును కరగనివ్వకుండా పట్టి ఉంచడం ఇన్సులిన్ పనుల్లో ఒకటి. పైగా రెంటినీ ఒకేసారి పెంచేవి కొన్ని ఉన్నాయి. నిద్ర చాలకపోవడం వాటిలో పెద్దది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో, స్థూలకాయం లేని ఆరోగ్యవంతుల్ని రెండు వారాలపాటు రోజుకు 4 గంటలే నిద్రపోనిచ్చి చూశారు. వాళ్ళు రోజుకు 300 కేలరీలు అదనంగా తిన్నారు, పొట్ట లోపలి కొవ్వు 11 శాతం పెరిగింది. 2022లో వచ్చిన ఈ ఫలితంలో నన్ను ఆపి చదివించింది ఇది: బరువు పెద్దగా పెరగలేదు. తూకం మిషను ఎక్కితే ఏమీ తెలియదు. నైట్ డ్యూటీ నర్సులు, 108 డ్రైవర్లు, బందోబస్తు పోలీసులు, మిల్లుల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు, వీళ్ళ పొట్టల్ని చూసి తిండిపోతులని నవ్వేవాళ్ళు ఇది చదవాలి.

ఇంకొకటి ఉంది, అది మన పల్లెల సంగతి. మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి ఊళ్ళో కొందరు ఇచ్చే ఇంజక్షన్, చిన్న కవర్లో పేరు లేకుండా కట్టిచ్చే మాత్రలు. రెండు రోజుల్లో నొప్పి మాయం. చాలాసార్లు అందులో ఉండేది స్టిరాయిడ్. స్టిరాయిడ్ ఇన్‌ఫ్లమేషన్‌ను గట్టిగా తగ్గిస్తుంది, నిజమే. అదే నెలల తరబడి వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బి, చేతులూ కాళ్ళూ సన్నబడి, కొవ్వంతా పొట్టకు చేరుతుంది, షుగర్ వస్తుంది. అలాంటివాళ్ళు కనబడితే ఆ మాత్రలు ఒక్కసారిగా మానేయమని చెప్పకూడదు, ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరు దగ్గరికి పంపాలి. ఫారంలో దీనికి ప్రశ్నే లేదు. నడుము కొలిచే చోటే ఈ ప్రశ్న అడిగించండి.

ఇప్పుడు బరువు సంగతి. క్యాంపు పెట్టిన ప్రతిచోటా తూకం మిషను ఉంటుంది, ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది, బీఎంఐ లెక్క కట్టి "నార్మల్" అని రాసి పంపిస్తాం. మన ఒళ్ళు ఆ లెక్కకు సరిగ్గా లొంగదు. పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటో వేసుకుని ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఇంగ్లిషాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2 శాతం. యాజ్నిక్ బృందం దీని మూలం పుట్టుక దగ్గరే పట్టుకుంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లల్లో తగ్గింది ఎక్కువగా కండ, లోపలి అవయవాలు. కొవ్వు అంతగా తగ్గలేదు. సన్నటి కాళ్ళు, సన్నటి చేతులు, మధ్యలో పొట్ట, ఇది మన కళ్ళకు అలవాటైన ఆకారం. బస్టాండులో నిలబడితే పది నిమిషాల్లో ఎందరో కనబడతారు. బీఎంఐ వీళ్ళకు మంచి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతుంది.

ఎంతమందికి అలా ఇస్తోందో దేశం లెక్కల్లోనే ఉంది. షుగర్ మీద దేశవ్యాప్తంగా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. లక్షా 13 వేల మందిని చూశారు. బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం, నడుము ప్రకారం 39.5 శాతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మొదటిసారి నడుము కొలిచింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువు ఉన్నవాళ్ళు 24 శాతమైతే, నడుము 80 దాటినవాళ్ళు 40 శాతం. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ తగ్గి కొవ్వు తొడల నుంచి పొట్టకు మకాం మారుస్తుంది. ఆ వయసువాళ్ళలో చాలామంది ఈ లెక్కలోనే లేరు.

2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ ఒకటి ఊబకాయాన్ని బీఎంఐ ఒక్కదానితో నిర్ణయించొద్దని, నడుము కొలతో మరోటో జోడించాలని చెప్పింది. అదే నెలలో మన దేశపు వైద్యులూ నడుమును కలుపుకుని కొత్త నిర్వచనం ఇచ్చారు. మీ ఫారం వాళ్ళకంటే ముందే ఆ గడి పెట్టింది. మెచ్చుకుంటున్నాను, ఎత్తిపొడుపు కాదు.

నాకున్న ఇంకో భయం, మీరు ఈ ఉత్తరం చదివి టేపు బదులు రక్తపరీక్షలు కొంటారేమోనని. ప్రైవేటు ల్యాబులు ఇప్పటికే ఫుల్ బాడీ ప్యాకేజీలో హెచ్ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీ కొంచెం ఉన్నా పట్టుకునే పరీక్ష) కలిపి అమ్ముతున్నాయి. రిపోర్టులో ఆ అంకె పక్కన ఎర్ర బాణం గుర్తు చూసి మనిషికి టెన్షన్. పన్ను వాచినా, వారం కింద జలుబు చేసినా, కాలికి పుండున్నా అది పెరుగుతుంది. ఒకరి గుండె ముప్పు ఎంతో తేల్చుకోవడానికి డాక్టరు రాస్తే అది వేరే సంగతి. ఊరందరికీ చేస్తే మిగిలేది బిల్లు. టేపు పెట్టినప్పుడు లోపలి కొవ్వు, బయటి కొవ్వు విడివిడిగా తెలియవు, ఆ మాట ఒప్పుకుంటాను. దానికి సీటీ, ఎంఆర్ఐ కావాలి. ఊళ్ళో గుమ్మం గుమ్మం తిరిగేవాళ్ళకు టేపే దిక్కు.

ఇన్‌ఫ్లమేషన్‌ను నేరుగా మందుతో కొడదామన్న ఆలోచనా పెద్దవాళ్ళకు వచ్చింది. కాంటోస్ అనే ప్రయోగంలో గుండెపోటు వచ్చిన పదివేల మందిని తీసుకుని, వాళ్ళలో కొందరికి కెనకినుమాబ్ అనే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు ఇచ్చి చూశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గకపోయినా, ఇన్‌ఫ్లమేషన్ తగ్గినందుకే గుండెపోట్లు కొంత తగ్గాయి. ఇన్‌ఫ్లమేషన్ నిజంగానే హాని చేస్తోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ మందు తీసుకున్నవాళ్ళలో కొత్తగా షుగర్ రావడం తగ్గలేదు, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరిగాయి. లోపలి కొవ్వును అలాగే ఉంచి పొగను మాత్రం ఆపబోతే అంతే. కొవ్వునే తోడేస్తే? అదీ చూశారు. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ మహిళలకు లైపోసక్షన్‌తో పొట్ట చర్మం కింది కొవ్వు 9, 10 కిలోల దాకా తీశారు. రెండు మూడు నెలల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు మారలేదు, సీఆర్‌పీ మారలేదు, ఐఎల్-6 మారలేదు. లోపలి కొవ్వు లోపలే ఉంది మరి. "ఒక్క రోజులో ఫ్లాట్ టమ్మీ" అని ఫ్లెక్సీలు కట్టేవాళ్ళ పక్కన మీ శాఖ బోర్డు ఒకటి పెట్టి ఈ ఫలితం రాయిస్తే బాగుంటుంది. పసుపు నీళ్ళు, డిటాక్స్ పొడులు, నడుముకు కట్టుకునే చెమట బెల్టుల గురించి నేనేమీ రాయను, అవి అమ్మేవాళ్ళకు నాకంటే గొంతు ఎక్కువ.

మరి ఏది పనిచేస్తుంది? ఇక్కడ మీరు అదృష్టవంతులు. లోపలి కొవ్వు ఎంత చేటో అంత త్వరగా కరుగుతుంది. నడక మొదలుపెట్టి బరువులో అర కిలో కూడా తగ్గనివాళ్ళకు కూడా నడుము తగ్గుతుంది, లోపలి కొవ్వు తగ్గుతుంది. కదిలే కండరం కూడా ఐఎల్-6 వదులుతుంది, కొవ్వు వదిలే అదే ఐఎల్-6. రోజంతా సన్నగా కారుతూ ఉంటే చెరుపు, పని చేసినప్పుడు ఒక్కసారి లేచి తగ్గితే మేలు. డెన్మార్క్‌లో కొందరికి ఐఎల్-6ను అడ్డుకునే మందు ఇచ్చి మూడు నెలలు సైకిల్ తొక్కించారు. మామూలుగా తొక్కినవాళ్ళకు పొట్ట లోపలి కొవ్వు తగ్గింది, మందు తీసుకున్నవాళ్ళకు తగ్గలేదు. ఇన్‌ఫ్లమేషన్ అన్న మాట వినగానే అన్నిటినీ అణచేద్దామనుకునేవాళ్ళకు ఈ ముక్క చెప్పండి.

కొలిచాక ఈ విషయం ఆ మనిషికి ఎవరూ చెప్పడం లేదు. నా అసలు బాధ ఇదే. అంకె యాప్‌లోకి పోతుంది, యాప్ నుంచి డ్యాష్‌బోర్డుకు పోతుంది, మీ సమీక్షలో శాతమై కనబడుతుంది. నడుము ఎవరిదో ఆమెకు మాత్రం తెలియదు. బీపీ ఎంతో అడిగితే చెప్పగలిగే ముసలాయనకు తన నడుము ఎంతో తెలియదు. బీపీ, షుగర్ రాసే కార్డు మీదే నడుమునూ రాయించండి. పక్కన ఎంత ఉండాలో అచ్చు వేయించండి. ఆరు నెలల తర్వాత అదే చోట, అదే పద్ధతిలో మళ్ళీ కొలిచి కింద రాయించండి. రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటే మనిషి తనంతట తనే మాట్లాడటం మొదలుపెడతాడు.

ఏం చెప్పాలో కూడా ముందే అనుకుని ఇవ్వండి. "నూనె తగ్గించండి, తీపి తగ్గించండి, వాకింగ్ చేయండి" అన్న మూడు ముక్కలు వినీ వినీ జనానికి చెవులు మూసుకుపోయాయి. మన కంచంలో అన్నం కుప్ప, పప్పు నీళ్ళు. ఇండియాబ్ వాళ్ళే 2025లో లెక్కకట్టి, మనవాళ్ళ శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో కొంచెం తీసి ఆ మేరకు ప్రోటీన్ పెడితే షుగర్ ముప్పు తగ్గుతుందని చెప్పారు. తెల్లన్నం తీసి రాగి ముద్ద పెట్టుకుంటే సరిపోతుందన్న ప్రచారానికి ఆ అధ్యయనంలో బలం దొరకలేదు, మొత్తంగా పిండిపదార్థమే తగ్గాలి. కాబట్టి మాట ఇలా ఉండాలి: రెండోసారి అన్నం వడ్డించుకునే బదులు పప్పు గరిటెడు ఎక్కువ, లేదా ఒక గుడ్డు, గుప్పెడు ఉడికించిన శనగలు. రేషన్‌లో బియ్యం నిలకడగా వస్తుంది, కందిపప్పు అలా రాదు. ఆ శాఖ మీది కాదని తెలుసు, కానీ వాళ్ళతో మాట్లాడగలిగేది మీరే.

వ్యాయామం దగ్గర ఆడవాళ్ళతో జాగ్రత్త. పొలం పనికి, ఉపాధి పనికి పోయివచ్చిన మనిషికి "నడవండి" అని చెప్తే తిడుతుంది, న్యాయమే. ఆమెకు కావాల్సింది నిద్ర, పప్పు, గుడ్డు. టీవీ ముందు కూర్చునే మనిషికి, దుకాణంలో రోజంతా స్టూలు మీద కూర్చునే మనిషికి నడక. అందరికీ ఒకే కాగితం చదివించొద్దు.

కొలవడం ఎలాగన్నది చివరిగా. సాగని టేపులు, ఫైబర్‌గ్లాస్‌వి, ప్రతి ఆశాకు ఇవ్వండి, ఏడాదికోసారి మార్చండి. మగవాళ్ళ కొలత ఆశా మీద పెట్టకండి. క్యాంపు రోజున మగ సిబ్బందితోనో, సెంటర్‌లో పరదా వెనకో తీయించండి. రోజుకు ఇన్ని ఫారాలన్న టార్గెట్ తీసేయండి, దొంగ అంకెలకు తల్లి అదే. గర్భిణులకు కొలవొద్దన్నది అందరికీ తెలుసు. కానీ పొట్ట ఒక్కటే పెరుగుతూ మనిషి చిక్కిపోతుంటే, పొట్ట గట్టిగా ఉంటే, అది కొవ్వు కాకపోవచ్చని, కడుపులో నీరో గడ్డో అయి ఉండొచ్చని, వెంటనే డాక్టరుకు చూపించాలని కూడా శిక్షణలో గట్టిగా చెప్పించండి.

టేపుకు ఒప్పుకోని ఆడవాళ్ళ కోసం ఒక పద్ధతి ఉంది, పైసా ఖర్చు లేదు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదన్నది ఇప్పుడు బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాల్లో కూడా ఉంది, 2022 నుంచి. ఆమె ఎత్తుకు సరిపడా పురికొస తెంపి, సగానికి మడిచి చేతికివ్వాలి. లోపలికి వెళ్ళి, తలుపేసుకుని, చీర ముడి పైన ఒంటికి ఆనించి చుట్టుకుని చూసుకుంటుంది. రెండు కొసలూ కలిస్తే సరే. కలవకపోతే బయటికొచ్చి ఆ మాట చెప్తుంది. ఎవరూ ఆమెను ముట్టుకోరు, అంకె ఎవరికీ వినబడదు. సెంటీమీటర్లు రాసే గడి పక్కన "కలిసింది / కలవలేదు" అని రెండు మాటలు అచ్చు వేస్తే చాలు.

ఇది నేను ఉద్యోగంలో ఉండగా మా మీటింగులో చెప్పాను. ఫార్మాట్‌లో లేదన్నారు. ఫార్మాట్ మార్చగలిగేది మీరు కాబట్టి మీకు రాస్తున్నాను. వచ్చే రౌండ్ సర్వే ఫారాలు ప్రెస్‌కు వెళ్ళే ముందే దీన్ని చూడమని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైరైన ఒక హెల్త్ సూపర్‌వైజర్